ఏడుసార్లు తెరిచిన రిజిస్టరు

కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ పాఠం చెప్పడానికి మూడు రోజులు తిరిగి వచ్చాను. ఎక్కడంటే నందిగామ, జగ్గయ్యపేట. "అక్కడ చూడ్డానికి ఏముందిరా?" అని మా అమ్మ ఫోన్లో అడిగింది. ఆవిడ కాకినాడలో ఉంటుంది. సముద్రం లేని ప్రతి ఊరి గురించీ అదే ప్రశ్న అడుగుతుంది. వెళ్ళేటప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది గానీ ఫోన్లో చెప్పేటంత పొట్టిది కాదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను విజయవాడలో ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలకి కంప్యూటర్ పద్ధతిలో ఆలోచించడం నేర్పే ఆటలు తయారుచేస్తాం. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసుకోవడం, వరస కనిపెట్టడం, వెతకాల్సింది తక్కువ తడవల్లో వెతకడం. దీనికో భారీ ఇంగ్లీషు పేరుంది. అది వింటే టీచర్లు భయపడతారని మా మేనేజరు వాడొద్దన్నాడు. సంచిలో నూరు అంకెల కార్డులు, సుద్దముక్కలు, ఒక కట్ట ఫారాలు పెట్టి పంపాడు. ప్రతి ఆటకీ ఒక ఫారం: "ఈ ఆట పనిచేసిందా? అవును / లేదు."

నేను ఒకచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోలేను. బడిలో ఉంటే బస్సు మీద, బస్సులో ఉంటే బడి మీద ధ్యాస. ఇలాంటివాణ్ణి పిల్లలకి ఓపిక నేర్పమని పంపడం మా సంస్థ చేసిన మొదటి పొరపాటు.

పరిటాల

రెండో పొరపాటు బస్సుది. పరిటాలలో, అంతెత్తు ఆంజనేయుడి విగ్రహం కనబడుతుండగా ఆగిపోయింది. ప్రయాణికులు దండం పెట్టారు, డ్రైవరు బానెట్ ఎత్తాడు, నేను దిగి అటూ ఇటూ నడిచాను. పావుగంటకి ఎవరి ప్రయత్నమూ ఫలించలేదని తేలాక, షేర్ ఆటో ఎక్కాను.

ఆటోలో నా పక్కన రెడ్డిగూడెం నుంచి వస్తున్న పెద్దాయన, ఒళ్ళో మామిడికాయల బుట్ట. తోటలో ఆఖరి కాయలట, నందిగామలో ఉన్న కూతురికి తీసుకెళ్తున్నాడు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"బళ్ళలో పిల్లలకి కంప్యూటర్ లాగా ఆలోచించడం నేర్పుతామండి."

"అట్టాగా. బడికి కంప్యూటర్లు ఇస్తారా?"

"లేదండి. ఆలోచన ఒక్కటే."

ఆయన ఒళ్ళో బుట్ట సర్దుకుని అన్నాడు. "ఆలోచన మా దగ్గర బోలెడుంది బాబూ. లేంది కంప్యూటరే."

మా సంస్థ గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. జాలేసిందేమో, దిగేటప్పుడు ఒక కాయ చేతిలో పెట్టాడు.

నందిగామ

నందిగామలో టిఫిన్ ప్లేటు నలభై రూపాయలు, దాని తర్వాత తాగే మంచినీళ్ళు ఉచితం. అవే ఎక్కువ ఖర్చయ్యాయి. మా కాకినాడలో పచ్చడిలో కారం రుచికోసం వేస్తారు. ఇక్కడ నిజాయితీగా వేస్తారు.

బడిలో మొదటి ఆట అంకె కనిపెట్టడం. ఒకటి నుంచి నూరులోపు ఒక అంకె మనసులో అనుకోవాలి. నేను "యాభై కంటే పెద్దదా, చిన్నదా?" అని అడుగుతాను. పెద్దదంటే కింది సగం వదిలేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేస్తాను. ఎంత మొండి అంకయినా ఏడు ప్రశ్నల్లో దొరికి తీరాలి. వేలమంది మీద రుజువైన పద్ధతి.

నాలుగో తరగతి అమ్మాయి ఒకతి లేచింది. ఏడు ప్రశ్నలు అయిపోయాయి. దొరకలేదు. పది అయ్యాయి. పద్నాలుగో ప్రశ్నకి నా చొక్కా తడిసిపోయింది.

"అసలు ఏం అనుకున్నావమ్మా?"

"మొదట అరవై రెండు సార్. మీరు దగ్గరకొస్తున్నారని మార్చేసా."

"ఎన్నిసార్లు?"

"వచ్చినప్పుడల్లా."

క్లాసు చప్పట్లు కొట్టింది. వాళ్ళ టీచరు కూడా కొట్టింది. ఫారంలో "లేదు" దగ్గర టిక్కు పెట్టి, రాత్రికి ఉండాల్సిన నేను సాయంత్రం బస్సుకే జగ్గయ్యపేట వెళ్ళిపోయాను.

జగ్గయ్యపేట

ఇక్కడ గాలిలో కూడా కాస్త సిమెంటు ఉంటుంది. లాడ్జి కిటికీ తుడిచి, టీ తాగి వచ్చి, మళ్ళీ తుడిచాను. పొద్దున్నే హోటల్లో నా ఎదురుగా కోదాడ వైపు లారీ డ్రైవరు కూర్చున్నాడు. సిమెంటు బస్తాలు నాలుగు ఊళ్ళలో దింపాలట. నా పని సంగతి విని నవ్వాడు.

"గిదేం పెద్ద చదువన్నా? ముందు దింపేది ఆఖర్న ఎక్కించాలె. గది తెల్వకుంటే ప్రతి ఊర్ల లోడంత దింపి మళ్ల ఎక్కించుడే."

మా సంస్థలో ఇదే విషయానికి ఆరు పేజీల పాఠం ఉంది. ఆయన ఇడ్లీ ముంచుకునేలోపు చెప్పేశాడు. ఆ ఉత్సాహంతో బడికెళ్ళి పిల్లలకి పని పెట్టాను: మీ సంచీ సర్దండి, ముందుగా కావాల్సింది పైన ఉండాలి. మొదటి గంట తెలుగు, రెండోది లెక్కలు. అందరూ చకచకా సర్దారు. తెరిపించి చూస్తే, ప్రతి సంచిలోనూ అన్నింటికన్నా పైన అన్నం కంచం ఉంది.

"మొదటి గంటలో కంచం ఎందుకురా?"

"గంటతో పని లేదు సార్. కంచమే ముందు."

ఫారంలో ఈ జవాబుకి గడి లేదు.

చిల్లకల్లు దాటి లోపలికి

మూడో రోజు చిల్లకల్లు దగ్గర హైవే దిగి, ఆటోలో లోపలి ఊరికి వెళ్ళాను. ఊరి పేరు రాయొద్దని అక్కడి హెడ్‌మిస్ట్రెస్ సలోమి మేడమ్ అడిగారు, రాయను. రెండు గదుల బడి. అయిదు తరగతులు కలిపి పంతొమ్మిది మంది పిల్లలు. టీచరు ఆవిడ ఒక్కరే. గంట కూడా ఆవిడే కొడతారు. జూలై నెల. దారంతా పత్తి చేలల్లో ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. ఆకాశం పొద్దుటి నుంచీ వానొస్తానని చెప్పి వాయిదా వేస్తోంది.

నేను కార్డులు పరుస్తుండగా గుమ్మంలోకి ఒకామె వచ్చింది. చీరకొంగు నడుముకి చుట్టి, కాళ్ళకి చేలో మట్టి. పేరు సువార్త.

"మేడమ్ గారూ, ఇయ్యాలే ఆఖరండి. అయిదింటిదాకే తీసుకుంటారంట."

"ఎన్నిసార్లు చెప్పాను సువార్తా? ఆ పుస్తకం తీస్తే నా ఉద్యోగం పోయేటట్టుంది."

సంగతి ఇది. పక్క ఊరి ఆడపిల్లల హాస్టల్లో ఆయా పోస్టు పడింది. అయిదో తరగతి చదివి ఉంటే చాలు, కానీ జూలై ఒకటో తేదీకి ముప్పై అయిదేళ్ళు నిండి ఉండకూడదు. సువార్త లెక్కలో ఆమెకి ముప్పై నాలుగు. ఆధార్ కార్డులో ముప్పై ఎనిమిది.

"ఆధార్ తీసేవాడు నా మొహం చూసి వేసేశాడు బాబూ," అంది నాతో. "ఆ రోజు ఎండలోంచి వచ్చా. నీడన కూర్చుని వచ్చుంటే ముప్పై వేసేవాడు."

ఆమె చదివింది ఈ బడిలోనే. చేరినప్పుడు రాసుకున్న పుట్టినతేదీ రిజిస్టర్లో ఉంటుంది. దాన్నిబట్టి మేడమ్ సర్టిఫికెట్ ఇస్తే జగ్గయ్యపేట ఆఫీసులో దరఖాస్తు తీసుకుంటారు. నెల నెలా జీతం, ఎండలో ఒంగక్కర్లేని పని.

"మరి తీసి చూడొచ్చు కదా మేడమ్?" అన్నాను.

ఆవిడ బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన పుస్తకాన్ని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టారు. చెదలు అంచులు తినేశాయి. మిగిలిన కాగితం అప్పడంలా ఉంది.

"ఒక్కో ఆకు తిప్పితే ఇద్దరు ముగ్గురు పిల్లలు పొడైపోతున్నారండి. మొన్న ఒకాయనకి వెతికితే ఆయన దొరికాడు గానీ, ఆయన పక్కింటాయన రాలిపోయాడు. ఈమె ఏ ఏడు చేరిందో ఈమెకే తెలీదు. మొదట్నుంచీ తిప్పుకుంటూ పోతే సగం ఊరు పోద్ది."

నా మనసు అప్పటికే తిరుగు ఆటో మీద ఉంది. కానీ నూరు కార్డులు పరిచి కూర్చున్న మనిషి కదలకుండా ఉండలేడు.

"ఇందులో ఎన్ని ఆకులున్నాయండి?"

"యాభై దాకా. చేరిన వరసలో రాశారు."

"సగానికి తెరుద్దాం. పైనున్న పేరు చదవండి. ఆ మనిషి సువార్తగారి కంటే పెద్దా, చిన్నా అని ఆమె చెబుతుంది. పెద్దయితే వెనక సగం చూస్తాం, చిన్నయితే ముందు సగం. పదిసార్లు తెరిస్తే చాలు."

"అయిదు," అన్నారు మేడమ్.

"తొమ్మిది."

"బాబూ, ఇది వంకాయల బేరం కాదు. ఏడు. ఎనిమిదోసారి ముట్టుకోను."

ఏడుసార్లు

పిల్లలు చుట్టూ మూగారు. ఊపిరి గట్టిగా వదలొద్దని మేడమ్ హెచ్చరించారు. ఆవిడ స్టీలు స్కేలు ఆకుల మధ్యకి మెల్లగా దూర్చి, సగానికి తెరిచారు.

"పోలయ్య."

"మా చిన్నాయన!" అంది సువార్త. "నాకంటే పెద్దోడు. బళ్ళో ఉన్నప్పుడే చుట్టలు కాల్చేవాడు."

"పెద్దా చిన్నా చెబితే చాలమ్మా," అన్నాను.

"చెప్పా కదా బాబూ. పెద్దోడు, చుట్టలు కాల్చేవాడు."

వెనక సగాన్ని సగం చేశాం. రెండో తడవ "రాణి". చిన్నది, పెళ్ళి ఏర్పాట్ల దగ్గర ఏదో గొడవ, అదీ విన్నాం. మూడో తడవ "దావీదు".

"పెద్దోడు. నాకంటే మూడేళ్ళు పెద్ద."

ఇంకా వెనక్కి వెళ్ళాం. నాలుగో తడవ చిన్నవాళ్ళు. అయిదో తడవ ఇంకో చిన్నవాడు, పైగా కొడితే ఏడ్చేవాడట. అంతటితో దావీదు ఆకు తర్వాత చూడ్డానికి ఏమీ మిగల్లేదు. సువార్త లేదు. బల్ల మీద పసుపుపచ్చని పొడి మాత్రం ఉంది, బహుశా ఎవరిదో బాల్యం.

నేను కార్డులు తీసి మళ్ళీ లెక్కేశాను. లెక్క సరిగ్గానే ఉంది. ఇంక రెండు తడవలే ఉన్నాయి. గడియారం మూడు దాటింది. నేను లేచి కిటికీదాకా వెళ్ళాను, గుమ్మందాకా వెళ్ళాను. సువార్త మాత్రం కదల్లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ పుస్తకాన్నే చూస్తోంది.

"నువ్వు కూడా మార్చేశావా ఏంటమ్మా?" అన్నాను, నందిగామ గుర్తొచ్చి.

"ఏంది మార్చేది బాబూ?"

నాలుగో తరగతి కరుణ అనే పిల్ల నా చొక్కా లాగింది. "సార్, మీరు అడిగేది తప్పు."

"ఏం తప్పు?"

"పెద్దోడా చిన్నోడా అని కాదు. రాసింది పుట్టిన వరస కాదుగా, బళ్ళో చేరిన వరస." సువార్త వైపు తిరిగింది. "పిన్నీ, దావీదు మామ నీకంటే ముందు బళ్ళోకొచ్చాడా, తర్వాతా?"

సువార్త తల కొట్టుకుంది. "తర్వాతే! ముందు గేదెలు కాసేవాడు. నేను రెండో తరగతిలో ఉండగా వచ్చాడు. నన్ను లేపి నా చోట్లో కూర్చున్నాడు, దొంగసచ్చినోడు."

అంటే దావీదు దగ్గర మేం వెళ్ళాల్సింది ముందుకి. నేను రెండు తడవలు తప్పుదారిలో ఖర్చుపెట్టాను. మా సంస్థ ఈ ఆటకి నాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చింది. కరుణకి ఎవరూ ఇవ్వలేదు.

పోలయ్యకీ దావీదుకీ మధ్య ఆరు ఆకులు. ఈసారి ప్రశ్న కరుణే అడిగింది. ఆరో తడవ వచ్చిన మనిషి సువార్తకంటే ముందు చేరినవాడు. మిగిలినవి మూడు ఆకులు, మిగిలింది ఒక్క తడవ. మేడమ్ స్కేలు పట్టుకుని నా మొహం చూశారు. మధ్యది తెరవమన్నాను.

మేడమ్ వేలు గీతగీతకీ దిగి, ఒకచోట ఆగింది. "సువార్త. తండ్రి ఏసోబు. కూలీ."

పిల్లలు అరిచిన అరుపుకి ఇంకో ఇద్దరు రాలిపోయి ఉంటారు. నాక్కూడా ఛాతీ పొంగింది, కానీ నిజం చెప్పాలి: ఆఖరికి అది మూడింటిలో ఒకటి, అదృష్టం.

అవతలి చెవి

"పుట్టినతేదీ జూన్ ఒకటి," అని చదివి, మేడమ్ వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టారు. రెండోసారి లెక్కపెట్టారు. తర్వాత కాగితం మీద వేశారు. ఆవిడ తలెత్తలేదు కాబట్టి నాకు అర్థమైంది.

జూన్ ఒకటికి ముప్పై అయిదు నిండాయి. జూలై ఒకటికి నిండకూడదు. నెల రోజులు ఎక్కువ.

పిల్లలు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. వాళ్ళకి దొరకడమే గెలుపు. కరుణ ఒక్కతే ఆపి, సువార్త మొహం చూస్తోంది.

నేను ఆ ఆకంతా చూశాను. అందరూ జూన్ ఒకటినే పుట్టారు. "అదేంటండి?"

"అప్పటి పెద్ద మాస్టారు అందరికీ అదే వేసేవారు," అన్నారు మేడమ్. "బడి తెరిచే నెల అని. పుట్టినరోజులు ఎవరి దగ్గరున్నాయి?"

"ఏడాది మాత్రం చెవి చూసి వేసేవాడు!" అంది సువార్త హఠాత్తుగా. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకుంది. "ఇట్టా అందితే అయిదేళ్ళు నిండినట్టు. నా చేతులు పొడుగు. నాలుగేళ్ళకే అందింది. మా అమ్మ ఆ రోజు ఎంత సంబరపడిందో, ఇంక నన్ను బళ్ళో వదిలి చేలోకి పోవచ్చని."

పంతొమ్మిది మంది పిల్లలూ చేతులు తల మీదుగా తిప్పారు. అందినవాళ్ళు అందనివాళ్ళని వెక్కిరించారు. ఆ పెద్ద మాస్టారూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు, అది కంప్యూటర్ లేకుండానే ఇన్నేళ్ళు నడిచింది. పనిచేసిందా లేదా అని ఆయన్ని ఎవరూ ఫారం నింపమనలేదు.

సువార్త గోడకి ఆనుకుని కింద కూర్చుంది. నేను కార్డులు వరసలో పేర్చాను, చెరిపాను, మళ్ళీ పేర్చాను. మేడమ్ గుడ్డ తీసి పుస్తకం చుట్టబోయారు.

"ఉండండి మేడమ్ గారూ," అంది సువార్త. "నా కింద గీత ఎవరిది?"

"షేక్ జరీనా. తండ్రి మస్తాను. జూన్ ఒకటి." మేడమ్ ఆగారు. "ఏడాది వేరే. నీకంటే ఒక ఏడాది చిన్నదని వేశారు."

"దానికి అందలా! బుడ్డది. నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా ఆ రోజు. చెవి అందక ఒకటే ఏడుపు. ఆ ఏడుపు పడలేక చేర్చుకున్నాడు." లేచి నిలబడింది. "దానికి రాయండి సర్టిఫికెట్టు."

"ఆమె అడక్కుండా ఎట్టా రాస్తాను?"

"అడిగిస్తా ఉండండి," అని వెళ్ళిపోయింది.

పదిహేను నిమిషాలకి మెళ్ళో కొలతల టేపుతో ఒకామె వచ్చింది. సువార్త ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది. నిజంగానే పొట్టి. ఊళ్ళో జాకెట్లు కుడుతుందట. ఆమెకీ ఆ పోస్టు మీద మనసుంది గానీ, పుట్టినతేదీ కాయితం లేదని ఊరుకుంది.

"నాకొద్దే," అంటోంది జరీనా. "నీకని అనుకున్నది నేనెట్టా తీసుకుంటా?"

"నాకు రాదని తేలిపోయిందే! నువ్వు పెట్టకపోతే ఇంకో ఊరిది పెట్టుద్ది. దానికి నేనెందుకియ్యాలి?"

"సాయంత్రానికి నాలుగు జాకెట్లు ఇవ్వాలి."

"రేపిద్దువు. జీతమొచ్చాక నాకు చీర కొను."

"ఎన్ని?"

"ఏడాదికొకటి. నువ్వు రిటైరయ్యేదాకా."

జరీనా నవ్వబోయి, టేపు చివరతో కళ్ళు తుడుచుకుంది. మేడమ్ అప్పటికే రబ్బరుస్టాంపు వెతుకుతున్నారు.

మళ్ళీ జగ్గయ్యపేట

నేను మాట్లాడుకున్న ఆటోలో ముగ్గురం ఎక్కాం. వెనక సీటు వాళ్ళకి ఇచ్చి, డ్రైవరు పక్కన ఒక తుంటి మీద కూర్చున్నాను. పొద్దుటి నుంచీ వాయిదా వేసిన వాన అప్పుడే మొదలైంది. జరీనా సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని జాకెట్ గుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది. హైవే మీద లారీల వెనక ఇరుక్కున్నాం. "ఎంతయింది బాబూ?" అని సువార్త అయిదు నిమిషాలకోసారి అడిగింది. నా కంటే కుదురులేని మనిషిని ఈ ప్రయాణంలో మొదటిసారి చూశాను. టైము చెప్పినప్పుడల్లా డ్రైవరు వీపు మీద తట్టింది.

ఆ ఆట తాలూకు ఫారం జేబులోంచి తీశాను. "పనిచేసిందా? అవును / లేదు." టిక్కు పెట్టకుండానే మళ్ళీ మడిచాను.

అయిదుకి పది నిమిషాలుండగా ఆఫీసు చేరాం. కిటికీ దగ్గర గుమస్తా టీ తాగుతున్నాడు. దరఖాస్తు జరీనా రాసింది. ప్రతి గడిలో ఏం రాయాలో వెనక నుంచి సువార్త చెప్పింది, కొన్ని తప్పుగా. గుమస్తా సర్టిఫికెట్ చదివి, తేదీ చూసి, పేరు చూసి, తలెత్తాడు.

"ఇద్దరొచ్చారేంటి? అప్లికేషన్ ఎవరిది?"

"నాదండి," అంది జరీనా.

"మరి నువ్వెవరమ్మా?"

సువార్త తడిసిన కొంగు పిండుకుంటూ కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"పై గీత నాదండి."

అతనికేమీ అర్థం కాలేదు. స్టాంపు వేశాడు.